బాతిక్ అమ్మి కొన్న ఇసుక నేల

(ఆరుబయట నిలబెట్టే బొమ్మల గురించి, వాటిని చేసేవాళ్ల బతుకు గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి, ఇప్పుడు చీరాల దగ్గర సొంత పెరట్లో రాగి రేకు కొట్టుకుంటున్న శిల్పి ఈ జవాబులు రాశారు.)

ప్రశ్న: మాకు ఊరి బయట నాలుగెకరాల మెట్ట ఉంది. కంది వేస్తాం. వాన పడితే పంట, లేకపోతే లేదు. మా అబ్బాయి శిల్పం చదువుకుని వచ్చాడు. ఆ పొలంలో ఒక కేంద్రం కడతాడట. ఆర్టిస్టులు వచ్చి నెలా రెండు నెలలు అక్కడే ఉండి పనిచేసుకుంటారట. చుట్టూ బొమ్మలు నిలబెడతాడట. బంధువులంతా నవ్వుతున్నారు. నాకైతే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పల్లెల్లో ఇలాంటివి ఎక్కడైనా నిలదొక్కుకున్నాయా?
— ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: అన్నయ్యగారూ, ముందు బంధువుల సంగతి పక్కన పెట్టండి. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మా మేనమామ ‘బొమ్మలు గీస్తే జీతమిస్తారా’ అని మూడు రోజులు నవ్వాడు. పింఛను కూడా ఉంటుందని తెలిశాక మానేశాడు.

నిలదొక్కుకున్నవి ఉన్నాయి. ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి మద్రాసు (నా నోటికి చెన్నై ఇంకా అలవాటు కాలేదు). అక్కడి నుంచి మహాబలిపురం వెళ్లే సముద్రపు రోడ్డు పట్టుకుంటే ఇంజంబాక్కం. అక్కడుంది చోళమండల్ కళాకారుల గ్రామం. 1966లో మొదలైంది. మొదలైనప్పుడు అక్కడ ఇసుక, తాటాకు పాకలు తప్ప చూపించడానికేమీ లేవు.

దాని వెనక మనిషి కె.సి.ఎస్. పణిక్కర్. మద్రాసు ఆర్ట్స్ కాలేజీకి 1957లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయనకు ముందు ఆ కుర్చీలో ఉన్నది దేవీప్రసాద్ రాయ్ చౌధురి. మెరీనా బీచిలో నలుగురు కూలీలు బండరాయిని కదిలిస్తున్న విగ్రహం చూసే ఉంటారు, అది ఆయనదే. పణిక్కర్‌కి ఒక దిగులుండేది. ఏటా కాలేజీ నుంచి మంచి చేతులున్న పిల్లలు బయటికొస్తారు. రెండేళ్లు తిరక్కుండానే పొట్ట కోసం ఏదో ఒక ఉద్యోగంలో పడిపోతారు. ఆ తర్వాత బొమ్మ ఉండదు. మీ అబ్బాయి గురించి మీరు పడే దిగులు ఇదే కదా. కాకపోతే ఆయన వందమంది పిల్లల తండ్రిగా పడ్డారు.

గ్రాంటు కోసమో, జమీందారు దయ కోసమో వాళ్లు కూర్చోలేదు. అందరూ కలిసి చేతిపనుల సంఘం పెట్టుకున్నారు. బాతిక్ గుడ్డలు వేశారు, తోలు, లోహం, మట్టి వస్తువులు చేశారు. బాతిక్ అంటే కరిగించిన మైనంతో గుడ్డ మీద బొమ్మ గీసి రంగులో ముంచడం. మైనం ఉన్నచోట రంగు పట్టదు, తర్వాత మైనం తీసేస్తారు. మన కాళహస్తి కలంకారీలో నీలిమందు వేసేటప్పుడు పాతకాలంలో చేసిన పనీ అలాంటిదే. ఆ గుడ్డలు అమ్మగా వచ్చిన డబ్బు పోగేసి సముద్రం ఒడ్డున సుమారు పదెకరాలు కొన్నారు. ముప్పై మందికి పైగా ఆర్టిస్టులు. సగం రోజు అమ్ముడుపోయే పని, సగం రోజు సొంత పని. అమ్మినదాంట్లో కొంత సంఘానికి.

నేను మొదటిసారి వెళ్లింది 1983 వేసవిలో. సరుగుడు చెట్లు, చెప్పుల్లో ఇసుక. అక్కడే పి.వి. జానకిరామ్ చేసిన రేకు బొమ్మ ఒకటి చూశాను. గుళ్లో మూలవిరాట్టుకి వెండి తొడుగు వేస్తారు కదా, లోపల విగ్రహం లేకుండా ఆ తొడుగే లేచి నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ముందు నుంచి చూస్తే దేవుడు, పక్క నుంచి చూస్తే పల్చటి రేకు. అరగంట దాని చుట్టూ తిరిగాను. తిరిగొచ్చాక చేసిన మొదటి పని, మా వీధిలో బిందెలు కొట్టే ఆయన దగ్గరికి వెళ్లి ‘బాబాయ్, నాకు రాగి కొట్టడం నేర్పు’ అనడం.

ఇప్పుడు మీ పొలం సంగతి. మీ అబ్బాయి వేసిన ప్లాను కాగితం ఒకసారి అడిగి చూడండి. మొదటి పేజీలో గేటు, ఆర్చి, ఆఫీసు గది ఉంటే తిరిగిచ్చేయండి. నీళ్లు, వంటిల్లు, ఎత్తయిన రేకుల షెడ్డు ఉంటే కూర్చోబెట్టి మాట్లాడండి. ఆర్టిస్టు మంచం కోసం మార్కాపురం రాడు. పలక కోసం వస్తాడు. దేశమంతా అక్షరాలు దిద్దుకున్న పలకరాయి మీ ఊరిది. పొరలు పొరలుగా చీలే ఆ రాయి మీద ఎలా పనిచేయాలో మీ ఊరి కూలీలకు తెలిసినంతగా ఏ కాలేజీ మాస్టారికీ తెలియదు. నాకూ తెలియదు. అటు చూస్తే చీమకుర్తి నల్ల గ్రానైటు, లోపల నక్షత్రాలు చల్లినట్టు మెరిసేది, ఓడలెక్కి పోతోంది. ఇవన్నీ చుట్టూ పెట్టుకుని మీవాడు ఊరికే ‘ప్రకృతి ఒడిలో కళ’ అని బ్రోచరు వేయించాడంటే మాత్రం చెవి మెలిపెట్టండి.

ఒక ఎకరం ఇవ్వండి. మూడెకరాల్లో కంది వేసుకోండి. పొలం మీద అప్పు చేయనివ్వకండి. మొదటి రెండేళ్లు వాడేం చేసి అమ్ముతాడో చూడండి, దేవుడి పటాలకు పలక ఫ్రేములైనా సరే. పణిక్కర్ శిష్యులు టేబుల్ గుడ్డలు వేసి అమ్మారు, దాంతో వాళ్లకు చిన్నతనం రాలేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి, దాచడం న్యాయం కాదు. చోళమండల్‌లో అందరూ బాగుపడలేదు. కె. రామానుజం అనే అద్భుతమైన చిత్రకారుడు అక్కడే ఉండేవాడు. నల్ల సిరాతో రాజభవనాలు, పాములు, తోరణాలు నిండిన కలలు గీశాడు. 1973లో, ముప్పైల్లోనే, తన ప్రాణం తనే తీసుకున్నాడు. పొలం మధ్య ఒంటరి షెడ్డు పగలు బాగుంటుంది. రాత్రి ఎనిమిది తర్వాత ఎలా ఉంటుందో వచ్చేవాళ్లు కాదు, మీరు ఆలోచించాలి. భోజనం అందరూ ఒకేచోట, ఒకే టైముకి తినేలా పెట్టించండి. అమ్మగారిని వండమనకండి, జీతానికి మనిషిని పెట్టండి. అమ్మగారు వండితే ఆ కేంద్రం ఏడాదిలో మూతపడుతుంది. మా చుట్టాల్లో ఒక హాస్టలు అలాగే మూతపడింది.

ప్రశ్న: నేను శిల్పం చివరి సంవత్సరం చదువుతున్నాను. రెసిడెన్సీకి, అంటే కొన్నాళ్లు అక్కడే ఉండి పనిచేసుకోవడానికి, పిలుస్తున్నామని రోజూ ఏదో ఒక మెసేజ్ వస్తుంది. కొందరు ముందు డబ్బు కట్టమంటున్నారు. ఏది నమ్మాలి?
— ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: డబ్బు కట్టి ఉండేదాన్ని మా కాలంలో లాడ్జి అనేవాళ్లు, తల్లీ. మంచి చోట్లు కూడా కొన్ని ఖర్చులో కొంత వాటా అడుగుతాయి, కాదనను. కానీ నువ్వు విద్యార్థివి, నీకవి వద్దు.

పిలిచిన చోటికి ఫోన్ చేసి అడుగు: రానుపోను చార్జీలు ఎవరివి? రాయి, వెల్డింగ్ రాడ్లు, గ్యాస్ ఎవరు కొంటారు? సహాయానికి మనిషి ఉంటాడా? ఆడపిల్లలకు గది విడిగా, లోపల గడియతో ఉందా? అన్నిటికంటే ముఖ్యం, నువ్వు చేసిన బొమ్మ చివరికి ఎవరిది? ఈ చివరి ప్రశ్న అడగక నేను మోసపోయాను. ఎక్కడో, ఎవరో చెప్పను. ఇరవై ఒక్క రోజులు ఒక తోటలో ఉండి ఏడడుగుల రాగి మనిషిని చేశాను. వెళ్లేరోజు తీసుకెళ్తానంటే, మొదటిరోజు సంతకం పెట్టిన కాగితం చూపించారు. మూడో పేజీలో ఉంది, ‘చేసిన పని సంస్థకే చెందును’ అని. కాఫీ తాగుతూ సంతకం పెట్టేశాను మరి. ఆరేళ్ల తర్వాత అటు వెళ్తే నా రాగి మనిషి గేటు దగ్గర ఉన్నాడు. చాచిన చేతికి వాచ్‌మన్ తువ్వాలు, టిఫిన్ క్యారియరూ వేలాడుతున్నాయి. వాచ్‌మన్ మంచివాడు. ‘గట్టి చెయ్యండి మేడం, ఎంత బరువైనా ఆగుతుంది’ అన్నాడు. ఆ బొమ్మ గురించి ఎవరైనా మనసారా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఇక నీ అప్లికేషన్‌లో ‘అస్తిత్వం, స్పేస్, మెమరీ’ అని రాయకు. ఏ పనిముట్టు నీకు బాగా వచ్చో, అక్కడి రాయి మీద ఏం చేయాలనుకుంటున్నావో నాలుగు వాక్యాల్లో రాయి. ఫోటోలు మాత్రం పగటి వెలుతురులో తీయి. హాస్టల్ ట్యూబులైటు కింద తీస్తే ఏ శిల్పమైనా పాచిన పెరుగులా కనిపిస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి లీడ్స్‌లో ఉంటుంది. పోయిన వేసవిలో మమ్మల్ని యార్క్‌షైర్‌లో ఒక శిల్పాల పార్కుకి తీసుకెళ్లింది. పెద్ద పెద్ద కంచు బొమ్మలు గడ్డిలో పెట్టి వదిలేశారు. వాటి కింద గొర్రెలు పడుకుని ఉన్నాయి! ఎవరూ తోలడం లేదు. అంత ఖరీదైన వాటికి ఇంత నిర్లక్ష్యమా అని మా వారు ఆశ్చర్యపోయారు.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీవారికి చెప్పండమ్మా, ఆ గొర్రెలు అక్కడ తప్పిపోయి వచ్చినవి కావు. అది వాటి మేత బీడే. వాళ్లు బొమ్మల్ని తెచ్చి ఆ బీడులో పెట్టారు.

మీరు చూసింది వేక్‌ఫీల్డ్ దగ్గరి యార్క్‌షైర్ శిల్పాల పార్కు అయి ఉండాలి. బ్రెటన్ హాల్ అనే పాత దొరల ఎస్టేటులో ఒక కాలేజీ ఉండేది. అక్కడ పాఠాలు చెప్పే పీటర్ మర్రే 1977లో ఆ మైదానంలో కొన్ని బొమ్మలు పెట్టించాడు. ఇప్పుడది 500 ఎకరాలు. ఆర్టిస్టులు అక్కడ ఉండి పనిచేస్తారు కూడా. 1987లో ఆండీ గోల్డ్స్‌వర్తీ అలా ఉన్నాడు. ఆకులు, కొమ్మలు, మంచు, అక్కడ ఏది దొరికితే దాంతో పనిచేసే మనిషి.

గొర్రెలు కింద పడుకున్న ఆ బొమ్మలు హెన్రీ మూర్ అనే శిల్పివి కావచ్చు. ఆయన ఆ పక్కనే కాజిల్‌ఫర్డ్‌లో బొగ్గు గని కార్మికుడి కొడుకు. బయట బొమ్మ పక్కన ఆవో గుర్రమో నిలబడితే బొమ్మ చిన్నబోతుందని, గొర్రె అయితే సరిగ్గా సరిపోతుందని ఆయన లెక్క. తను ఉండే పల్లెలో పొలంలో పెట్టిన ఒక పెద్ద బొమ్మకు ‘షీప్ పీస్’ అనే పేరు పెట్టాడు. గొర్రెలు దానికి వీపు రుద్దుకుంటే కోపం రాలేదు, సంతోషించాడు. మా ఊళ్లో అయితే మేకలు పీఠం ఎక్కి పైనున్న వేపకొమ్మ అందుకుంటాయి, అదొక్కటే తేడా.

మళ్లీ వెళ్తే రెండు చూడండి. ఒకటి, జింకలు తలదాచుకోవడానికి ఎప్పుడో కట్టిన రాతి కొట్టాన్ని జేమ్స్ టరెల్ మార్చిన గది. చుట్టూ కూర్చోవడానికి అరుగు, కప్పులో చతురస్రంగా కోసిన ఖాళీ, అందులో ఆకాశం. ఇంకేమీ లేదు. ‘టికెట్టు కొన్నది దీనికా’ అని మీవారు అంటారు. ఓ పావుగంట మాట్లాడకుండా కూర్చోబెట్టండి. రెండోది, డేవిడ్ నాష్ కొండవాలు మీద వేసిన డెబ్బై ఒక్క మెట్లు. కాల్చి నల్లబరిచిన ఓక్ దుంగలు, వాటి మధ్య బొగ్గు పరిచాడు. మూర్ తండ్రి దిగిన గనుల ప్రాంతం అది. ఆ మెట్లెక్కుతూ ఉంటే కాళ్ల కింద ఏముందో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: అర్థం కాని బొమ్మ ముందు ఎంతసేపు నిలబడాలి?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కాళ్లు నొప్పి పుట్టేదాకా. ఆ తర్వాత దాని వెనక్కి వెళ్లండి, సగం జవాబులు అక్కడే ఉంటాయి.

ప్రశ్న: మాది తెనాలి. బోల్టులు, చైన్లు, బేరింగులు, మోటార్‌సైకిల్ విడిభాగాలు, ఇలా పాత ఇనుముతో బొమ్మలు చేస్తాం. ఒక పల్లె తోటలో పెట్టడానికి పదడుగుల గుర్రం చేసి ఇచ్చాం. రెండు వానాకాలాలకే కాళ్ల దగ్గర తుప్పు పెచ్చులు రాలిపోతున్నాయి. రంగు బాగానే వేశాం. ఎక్కడ తప్పు జరిగింది?
— ఒక శిల్పి

జవాబు: తమ్ముడూ, మీ తెనాలి వాళ్ల చేతుల ముందు నాబోటివాళ్లం కళ్లప్పగించి చూడాల్సిందే. కాబట్టి ఇది నేర్పడం అనుకోకు, సముద్రపు గాలికి ముప్పై ఏళ్లు దెబ్బతిన్న మనిషి చెప్పే గోడు అనుకో.

రంగు గురించి కాదు, నీళ్ల గురించి ఆలోచించు. పెద్దవాన వెలిసిన పది నిమిషాలకు నిచ్చెన వేసుకుని గుర్రం ఎక్కు. మెడ మడతలో, డొక్కలో, గిట్ట మీద గిన్నెలా పడుకున్న ప్రతి బేరింగులో, ఎక్కడెక్కడ నీళ్లు నిలిచాయో చాక్‌పీసుతో సున్నా చుట్టు. అన్ని సున్నాల్లో కింది అంచున డ్రిల్లుతో రంధ్రం పెట్టు. ఎక్కడా ఆగకుండా కారిపోవాలి నీళ్లు. నాలుగు కాళ్లూ పైపులతో చేసి అడుగున వెల్డ్ చేసి మూసేశావేమో చూడు. మూసిన పైపులోకీ ఎక్కడో సన్నటి సందులోంచి తేమ దిగుతుంది, బయటికి పోయే దారుండదు, లోపలి నుంచి తినేస్తుంది. పెచ్చులు కాళ్ల దగ్గరే రాలుతున్నాయంటే నా అనుమానం అదే.

రెండోది, ఆ కాళ్లు నేరుగా మట్టిలో దిగి ఉంటే పైకెత్తాలి. జానెడు ఎత్తు సిమెంటు దిమ్మ, దాని పైభాగం నాలుగు వైపులకీ వాలుగా. గడ్డి కోసే మిషన్ వచ్చి తగలకుండా చుట్టూ కంకర. మూడోది, పాత విడిభాగాల్లో ఆయిల్ ఉంటుంది. అది పోకుండా ప్రైమర్ వేస్తే పైన పొక్కులు లేస్తాయి. డిటర్జెంటుతో రుద్ది కడిగి, ఎండబెట్టి, అప్పుడు ప్రైమర్. ఇంకోటి, అందం కోసం మధ్యలో ఇత్తడి, రాగి ముక్కలు అతికించావా? తడి తగిలితే రాగి బాగానే ఉంటుంది, దాన్ని ఆనుకున్న ఇనుము పోతుంది. మధ్యలో రబ్బరు వాషర్ పెట్టు.

‘ఈ బాధంతా ఎందుకు, సిమెంటుతో చేసేద్దాం’ అంటారు కొందరు. లోపల ఊచలుంటాయి కదా, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, సిమెంటును బద్దలు కొడుతుంది. అయినా సిమెంటుని చిన్నచూపు చూడను. శాంతినికేతన్‌లో రామ్‌కింకర్ బైజ్ 1938లో చేసిన సంతాల్ గిరిజన కుటుంబం బొమ్మ సిమెంటే, అందులో అక్కడి ఎర్రటి గులకమట్టి కలిపాడు. కావడిలో బిడ్డ, పక్కన ఆడమనిషి, వెంట కుక్క, ఊరు మారుతున్న కూలీలు. కంచు పోయించే డబ్బెక్కడిది? కాళ్ల కింద ఉన్న మట్టే ఎత్తి కొట్టాడు. దగ్గరికెళ్తే ఒళ్లంతా గరుకు. ఆ గరుకుదనం వల్లే వాళ్లు ఆ నేల లోంచి లేచి నడిచినట్టుంటారు. నీ గుర్రానికి బేరింగులు ఎలాగో, ఆయనకు ఆ గులక అలాగ.

అన్నట్టు, తోట వాళ్లతో ఏడాదికోసారి వచ్చి చూసే ఖర్చు కూడా కాగితం మీద రాయించుకున్నావా? వచ్చేసారి రాయించుకో. గుర్రం అమ్మినవాడు నాడా గురించి కూడా మాట్లాడాలి.

ప్రశ్న: మేం చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్లం. సెలవుల్లో పిల్లల్ని చోళమండల్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఇప్పుడు అదింకా పల్లేనా? ఏం చూపించమంటారు?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: పల్లె కాదు. రోడ్డు పెద్దదైపోయింది, ఊరు వచ్చి చుట్టేసింది. 1983లో చెప్పుల్లో ఇసుకతో నడిచినదాన్ని కాబట్టి నాకు గేటు దగ్గర కాసేపు చిరాగ్గా ఉంటుంది. లోపలికి వెళ్లాక తగ్గుతుంది.

2009లో తెరిచిన మ్యూజియంలో ఆ మద్రాసు తరం పనులు చూడొచ్చు. పణిక్కర్ దగ్గర చదువుకున్న ఆ తరంలో మన తూర్పు గోదావరి నుంచి వెళ్లిన ఎం. రెడ్డెప్పనాయుడు కూడా ఉన్నారని పిల్లలకు చెప్పండి. పణిక్కర్ కొడుకు నందగోపాల్ 2017లో పోయారు. ఆయన రాగి, ఇత్తడి అతికి చేసిన బొమ్మలకు పక్కలూ వెనకా అంటూ పెద్దగా ఉండవు, ఊరేగింపు రథంలా ఎదురుగా వచ్చి నిలబడతాయి. పిల్లలకు అవి వెంటనే నచ్చుతాయి.

కానీ ముందు మ్యూజియంలోకి తీసుకెళ్లకండి. ఏసీ గదిలో ‘ముట్టుకోవద్దు’ విన్నాక పిల్లలు బయట కూడా చేతులు కట్టుకుంటారు. ముందు తోటలో రాతి బొమ్మల దగ్గరికి పంపండి, పొద్దున పదిలోపే. తర్వాత గ్రానైటు పెనంలా కాలుతుంది.

కిందటిసారి నేను వెళ్లినప్పుడు రాత్రి వాన పడి ఉంది. ఒక నల్లరాయి బొమ్మ భుజం దగ్గర గుంటలో నీళ్లు నిలిచి ఉంటే గోరింక వచ్చి తాగుతోంది. ఇనుమైతే అక్కడికక్కడే డ్రిల్లు తెమ్మని గొడవ చేసేదాన్ని. రాయి కదా, ఊరుకున్నాను.